రేవు గట్టున రెండు గదులు, నాలుగిళ్ళు

పర్యాటక శాఖలో ఇరవై ఏడేళ్ళు ఉద్యోగం చేసి కూడా నేను ఇంతవరకూ తాజ్‌మహల్ చూడలేదు. ఈ మాట చెబితే కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నవ్వుతారు. పోయిన నెల అలాంటి పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. చేతుల్లో పాలసీ పుస్తకాలున్నాయి. మంచి కాగితం, రంగు బొమ్మలు. "మేడమ్, పర్యాటకం పెరగాలంటే ప్రభుత్వం ఏం చెయ్యాలి?" అని అడిగారు. దేశం సంగతి నాకు తెలియదు, ఒక రేవు సంగతి తెలుసు, వింటారా అన్నాను. విన్నారు. విన్నది రాసి పెట్టమన్నారు. అందుకే ఇది.

ప్రమోషన్లు, బదిలీలు, సీనియారిటీ తగాదాలు ఇందులో ఉండవు. అవి ఏ శాఖలోనైనా ఒకటే.

బట్టల కొట్టు మీద ఆఫీసు

నా పేరు ఎస్తేరు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారు మిషన్ బడిలో పంతులు. డెబ్బైల చివర్లో నాకు ఈ ఉద్యోగం వచ్చింది. ఆఫీసు, అంటే పర్యాటక సమాచార కేంద్రం, అమలాపురంలో బట్టల కొట్టు మీద ఒకే గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు కాశ్మీరు పడవల బొమ్మ. మా రీజనల్ ఆఫీసరు రామ్మూర్తి గారు రాజమండ్రిలో ఉండేవారు. నెలకోసారి ఆయనకు ఒక పట్టీ పంపాలి. అందులో రెండు గడులు: విదేశీ యాత్రికులు, స్వదేశీ యాత్రికులు.

యాత్రికుడంటే ఎవరో పట్టీ వెనకాలే అచ్చు వేసి ఉండేది. ఆమోదించిన వసతిలో కనీసం ఒక రాత్రి బస చేసినవాడు. కోనసీమ మొత్తానికి ఆమోదించిన వసతి ఒక ట్రావెలర్స్ బంగళా. అందులో ఎప్పుడూ ఆఫీసర్లే ఉండేవారు. ఆఫీసర్లు యాత్రికులు కారు. కాబట్టి నేను ప్రతి నెలా రెండు గడుల్లోనూ "నిల్" అని గుండ్రని అక్షరాలతో రాసి పంపేదాన్ని. అలా రాస్తుండగానే కిటికీ కింద నుంచి అయినవిల్లి వెళ్ళే బస్సులు, పలివెల వెళ్ళే జట్కాలు జనంతో కిక్కిరిసి పోయేవి.

మొదట్లో నాకు ఇందులో తప్పేమీ కనబడలేదు. ఇప్పటికీ ఆ రోజుల పాలసీని వెక్కిరించను. దేశానికి విదేశీ మారకం కావాలి. పెట్రోలు కొనాలన్నా యంత్రాలు తెచ్చుకోవాలన్నా అదే కావాలి. ఒక విదేశీయుడు వచ్చి నాలుగు రోజులుంటే, మనం ఏ సరుకూ ఓడ ఎక్కించకుండానే ఆ మారకం మన దగ్గరకు వస్తుంది. కాబట్టి మంజూర్లన్నీ విదేశీయుల్ని చూసే రాసేవారు. లెక్కే. కానీ నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇది: ప్రభుత్వం ఎవరిని లెక్కలోకి తీసుకుంటుందో వాళ్ళ కోసమే గదులు కడుతుంది. లెక్కలోకి రానివాళ్ళకు కడవెడు మంచినీళ్ళు కూడా పెట్టదు. అది దుర్మార్గం వల్ల కాదు. వాళ్ళు పట్టీలో కనబడరు, అంతే.

తొట్టి ఏరు దాటింది

నేను చేరిన రెండో ఏడు ముక్తేశ్వరం రేవు గట్టు మీద విదేశీ యాత్రికుల కోసం రెండు గదుల కాటేజీ మంజూరైంది. కోటిపల్లి నుంచి గోదావరి దాటి వచ్చే లాంచీలు ఆగే చోటు అది. కార్తీకంలోనూ శివరాత్రికీ అటు కోటిపల్లిలో స్నానం చేసి, ఇటు ముక్తేశ్వరంలో దర్శనం చేసుకునే జనం లాంచీల మీద లాంచీలుగా దిగేవారు.

కాటేజీకి పింగాణీ స్నానాల తొట్టి ఉండాలని ప్లానులో రాశారు. అది కాకినాడ నుంచి లారీలో కోటిపల్లికి వచ్చి, అక్కడి నుంచి పంటు మీద ఏరు దాటింది. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిస్తే దాన్ని మా వైపు పంటు అంటారు. ఆ రోజు గట్టంతా జనం. ఒక పెద్దాయన నా దగ్గరకొచ్చి, "ఇందులో ఏం నానబెడతారండి?" అని అడిగాడు.

"మనుషులు కూర్చుని స్నానం చేస్తారండి."

ఆయన ఒకసారి తొట్టి వైపు, ఒకసారి గోదావరి వైపు చూసి వెళ్ళిపోయాడు.

రేవు దగ్గర అప్పుడు ఏడు తాటాకు పాకలు ఉండేవి. ఏడూ ఆడవాళ్ళవే. పొద్దున్న ఇడ్లీ, పెసరట్టు, మధ్యాహ్నం అన్నం. అందరిలోకీ వీరమ్మ గారి పాక పెద్దది. ఆవిడ భర్త లాంచీ మీద పనిచేసేవాడు. నేను రేవుకు వెళ్ళినప్పుడల్లా ఆవిడ దగ్గరే తినేదాన్ని. ప్రారంభానికి పదిరోజుల ముందు రామ్మూర్తి గారు వచ్చి పాకలకేసి చూశారు.

"ఎస్తేరు గారూ, పెద్దవాళ్ళు వస్తున్నారు. ఫొటోలు తీస్తారు. వెనకాల ఈ పొగా, ఈ తాటాకులూ బాగుండవు. పేర్లు రాసి పంపండి. మిగతాది పంచాయతీ వాళ్ళు చూసుకుంటారు."

రాశాను. నన్నెవరూ బెదిరించలేదు. పాకలు తీసేస్తే రేవు శుభ్రంగా ఉంటుందని నేనూ అనుకున్నాను. ఏడు పేర్లు, కింద నా సంతకం. ఒక్క పూటలో పాకలు లేచిపోయాయి. మర్నాడు వీరమ్మ గారు గట్టు మీద ఎదురైంది.

"అమ్మాయిగారూ, మా పేర్లు మీరే రాసేరటగదండి."

"అవునండి. పైనుంచి అడిగారు..."

"ఆయ్. నా పేరు కూడా తెల్సే రాసేరు కదండి. తెలీనోళ్ళు రాసుంటే ఏమీ అనుకోకపోదును."

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండునని నాకు చాలా రోజులు అనిపించింది. ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. సంతకం పెట్టేముందు, మీరు తీసేస్తున్నదాని వల్ల ఎవరు ఆగుతున్నారో, ఎవరు తింటున్నారో ఒకపూట కూర్చుని చూడండి. నేను చూడలేదు.

రెండో కేరళ

ఇంకో తప్పు చిన్నది, నవ్వొచ్చేది. కాటేజీకి ప్రచారం చెయ్యమంటే ఇంగ్లీషులో కరపత్రం రాశాను. "కోనసీమ, రెండో కేరళ" అని పైన పెద్ద అక్షరాలు. రామ్మూర్తి గారు మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకు మా ఆఫీసుకు నిజంగానే ఒక కేరళ ఆయన వచ్చాడు, కొబ్బరి వ్యాపారం పని మీద. కరపత్రం చదివి మర్యాదగా అన్నాడు: "మొదటిది మా ఇంటి దగ్గరే ఉందమ్మా. రెండోదానికి ఇంత దూరం ఎవరొస్తారు?"

మన ఊరిని ఇంకో ఊరి పేరు చెప్పి అమ్మకండి. కొనేవాడికి అసలుది ఎక్కడుందో తెలుసు.

ఇద్దరు విదేశీయులు

కాటేజీ ఏడాదిన్నర ఖాళీగా ఉంది. పాకలు పోయాక రేవులో ఆగేవాళ్ళు తగ్గిపోయారు. లాంచీ దిగినవాళ్ళు దిగినట్టే బస్సెక్కేవారు, లేదా దర్శనం చేసుకుని మళ్ళీ కోటిపల్లి లాంచీ ఎక్కేసేవారు. కాటేజీ కాపలాదారు స్నానాల తొట్టిలో విత్తనపు ధాన్యం పోసుకున్నాడు. నేను చూసి కూడా ఏమీ అనలేదు. తొట్టికి అంతకన్నా మంచి ఉపయోగం నాకు తోచలేదు.

ఆ శీతాకాలంలో కబురొచ్చింది, ఇద్దరు విదేశీయులు దిగారని. భార్యాభర్తలు. గోదావరి వెంట నడుస్తూ పక్షుల్ని చూస్తూ వచ్చారట. నేను అమలాపురం నుంచి పరుగున వెళ్ళాను. మా ఆఫీసు చరిత్రలో మొదటిసారి విదేశీ గడిలో "నిల్" కాకుండా ఇంకోటి రాయబోతున్నాను.

కాటేజీలో ఎవరూ లేరు. కాపలాదారు తల గోక్కుంటూ, "వీరమ్మ గారింట్లో ఉన్నారండి" అన్నాడు.

సంగతేమిటంటే, కాటేజీలో తొట్టి ఉంది గాని వంట లేదు. చుట్టుపక్కల పాకలు లేవు. ఆకలేసి గట్టు దిగి నడుచుకుంటూ పోతే మొదట కనబడింది వీరమ్మ గారి ఇల్లు. ఆవిడ పీటలు వేసి కూర్చోబెట్టి అన్నం పెట్టింది. ఆ గాలికి ఆ అరుగు మీదే పడుకుంటామని వాళ్ళు సామాను తెచ్చేసుకున్నారు. నేను వెళ్ళేసరికి ఆవిడ భర్త దొర గారికి వల వెయ్యడం నేర్పుతున్నాడు. దొరసాని కొబ్బరీనెలు చీరుతోంది.

"మాటలు తెలీవు కదండి, ఎలా?" అన్నాను.

"ఆకలేత్తే మొహం చూత్తే తెలుత్తాదండి. దానికి మాటలెందుకు?" అంది వీరమ్మ గారు.

నాలుగు రాత్రులున్నారు. నెలాఖరున పట్టీ తీశాను. నిబంధన చదివాను. వీరమ్మ గారి అరుగు ఆమోదించిన వసతి కాదు. ఏడు సముద్రాలు దాటి వచ్చిన ఆ ఇద్దరూ మా శాఖ లెక్కలో యాత్రికులు కారు. రామ్మూర్తి గారికి ఫోను చేసి అడిగాను.

"రూలు రూలే ఎస్తేరు గారూ. నిల్ రాయండి."

రాశాను. ఆ "నిల్" రాసినప్పుడు మాత్రం పెన్ను ఆగింది. తప్పు రేవులో లేదు, జనంలో లేదు, పట్టీలో ఉందని నాకు ఆ పూట తెలిసింది.

కార్తీకమంతా గట్టు మీద

మరుసటి ఏడు ఉత్తరం వచ్చింది. యాత్రికులు రాని చోట్ల సమాచార కేంద్రాలను మార్చి నెలాఖరుకు మూసేస్తారు. కాటేజీని వేరే శాఖకు గోదాముగా ఇస్తారు. నన్ను ఎక్కడికి పంపుతారో రాయలేదు. అంతకుముందు పైనుంచి ఒక తనిఖీ అధికారి వచ్చి చూస్తారు.

నాకు నాలుగు నెలల టైముంది. కార్తీకం మొదలవుతోంది. ఆఫీసుకు తాళం వేసి రోజూ రేవుకు వెళ్ళాను. గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని, దిగినవాళ్ళను అడిగేదాన్ని. ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తున్నారు, ఒక రాత్రి ఇక్కడ ఎందుకు ఉండరు. ఒక నోటుపుస్తకం నిండిపోయింది. నెల్లూరు, బరంపురం, నాగపూరు, అన్ని చోట్ల నుంచీ వచ్చేవారు. మగవాళ్ళు, "పనులున్నాయండి" అనేవారు. ఆడవాళ్ళు మాత్రం నన్ను కాస్త పక్కకు తీసుకెళ్ళి నిజం చెప్పేవారు.

నాగపూరులో స్థిరపడ్డ తెలుగావిడ ఒకరు అన్న మాట నాకు ఇంకా గుర్తు. "పొద్దున్న ఐదింటికి స్నానం చేశానమ్మా. అప్పటి నుంచి మంచినీళ్ళు తాగలేదు. తాగితే ఎక్కడికి వెళ్ళను? ఒక గది, లోపల గడియ పడే తలుపు, ఆ వెనకాల కాస్త చాటు ఉంటే వారం రోజులుంటాను. ఇంత మంచి చోటు వదిలి పోవాలని ఎవరికుంటుంది?"

ఈ మాట నాకు కొత్త కాదు. మా అమ్మ క్రైస్తవ కూటాలకు పడవలో వెళ్ళేది. పొద్దున్న ఎక్కితే సాయంత్రం దిగేదాకా నీళ్ళు ముట్టుకునేది కాదు. ఎందుకని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పర్యాటక శాఖలో చేరి, కాటేజీకి పింగాణీ తొట్టి తెప్పించాక గాని నాకా ప్రశ్న తట్టలేదు.

ఇంకోటి కూడా గట్టు మీదే నేర్చుకున్నాను. ఏ పుస్తకంలోనూ ఇంత స్పష్టంగా లేదు. వచ్చి పోయేవాడు ఒక లాంచీ టిక్కెట్టు, ఒక కొబ్బరికాయ కొంటాడు. ఒక రాత్రి ఆగినవాడికి రెండు పూటలా భోజనం కావాలి. పాలు, కూరలు, అరిటాకు, మంచం, చాప కావాలి. మర్నాడు పలివెల వెళ్ళడానికి బండి కావాలి. గన్నవరంలో కాలువను గోదావరి పాయ మీదుగా ఎలా దాటించారో చూపించేవాడు కావాలి. ఒక రాత్రి బస వెనక పదిమందికి పని ఉంది. దేశానికైనా ఊరికైనా పర్యాటకం వల్ల బతుకు పెరగడమంటే ఇదే. ఆగేలా చెయ్యడం.

దొడ్డి గోడ

ఆఫీసులో పాత సర్క్యులర్లన్నీ దించి చదివాను. ఆమోదించిన వసతులను గురించిన దాంట్లో, చివరి పేజీలో, ఎవరూ చదవని చోట ఒక పేరా ఉంది. హోటళ్ళు లేని ప్రాంతాల్లో, శుభ్రమైన గది, మంచినీరు, మరుగుదొడ్డి, బాధ్యత వహించే ఒక మనిషి ఉన్న ఇళ్ళను స్థానిక సమాచార సహాయకులు జాబితాకు సిఫారసు చేయవచ్చు. స్థానిక సమాచార సహాయకులంటే నేనే.

ఆ సాయంత్రమే వీరమ్మ గారింటికి వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను.

"వీరమ్మ గారూ, ఆ రోజు మీ పేర్లు రాయడం నా తప్పండి. నన్ను..."

"క్షమాపణలు తర్వాతండి. ఇంత దూరం వచ్చేరంటే ఏదో పనుంది. చెప్పండి."

చెప్పాను. ఆవిడ అంతా విని, గదిలోకి వెళ్ళి చూసి, దొడ్లోకి వెళ్ళి చూసి వచ్చింది.

"గది ఉందండి. నుయ్యి ఉందండి. మరుగుదొడ్డి లేదు. దొడ్డి గోడ వానకి పడిపోయింది. గోడ ఎవరు కడతారండి?"

గోడ ఎవరు కట్టాలో సర్క్యులర్‌లో లేదు. నేను పంచాయతీ చుట్టూ తిరిగాను. మరుగుదొడ్డి గోతుల్లో దించడానికి, ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉన్న సిమెంటు వరలు ఇచ్చారు. కాటేజీ కట్టగా మిగిలిన ఇటుకలు అక్కడే ఉన్నాయి. వాటిని వాడుకుంటానని రాజమండ్రికి రాశాను. జవాబు రాలేదు. జవాబు రాకపోతే వద్దనలేదని అర్థం చేసుకోవడం కూడా ఉద్యోగంలో ఒక విద్యే. గోడలు ఊళ్ళో వాళ్ళే పెట్టుకున్నారు. పాకలు పోయిన ఏడుగురిలో నలుగురు ముందుకొచ్చారు. మిగిలిన ముగ్గురూ మమ్మల్ని నమ్మలేదు. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

ఊళ్ళో ఒకరిద్దరు సణిగారు. ఎవరెవరినో ఇంట్లో పెట్టుకుంటారా, ఏ కులమో ఏమో అని. వీరమ్మ గారు వాళ్ళకు చెప్పిన జవాబు నేను విన్నాను.

"ఏవండీ, అన్నానికొచ్చిన మనిషిని అవన్నీ అడుగుతా కూర్చుంటే ఎసరు ఆరిపోద్దండి."

పూటకూళ్ళ ఇళ్ళు

నాలుగిళ్ళ పేర్లు రాసి, మరుగుదొడ్ల కొలతలతో సహా సిఫారసు పట్టుకుని నేనే రాజమండ్రి వెళ్ళాను. రామ్మూర్తి గారు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇవి పూటకూళ్ళ ఇళ్ళు కదా ఎస్తేరు గారూ. వీటిని ప్రభుత్వ జాబితాలో పెడతామా?"

"సర్క్యులర్‌లో ఉందండి. చివరి పేజీ."

చదివారు. రెండోసారి చదివారు. "ఉంది. కాని వచ్చేది భక్తులు. యాత్రికులు వేరు, భక్తులు వేరు. అయినా మీరు క్రైస్తవులు, ఈ తీర్థాల గొడవ మీకెందుకు?"

"మా అమ్మ కూటాలకు వెళ్ళినా, మీ అమ్మగారు కోటిపల్లి వెళ్ళినా దాటాల్సిన ఏరు ఒకటేనండి. ఇద్దరికీ కావాల్సిన గది కూడా ఒకటే."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత కాగితం కింద, "నేను ఏకీభవించడం లేదు. అయినా నిబంధన ప్రకారం పైకి పంపుతున్నాను" అని రాసి సంతకం చేశారు.

రామ్మూర్తి గారి మీద నాకు గౌరవం అక్కడే మొదలైంది. తనకు నచ్చని కాగితాన్ని సొరుగులో పడేసే ఆఫీసర్లను తర్వాత చాలామందిని చూశాను. ఆయన కాగితాన్ని నమ్మిన మనిషి. నమ్మకం తప్పయినప్పుడు కూడా నిజాయితీగా నమ్మారు. అలాంటి ఆఫీసరు దగ్గర గెలవవచ్చు. చిరునవ్వు నవ్వి, "చూద్దాం" అనే ఆఫీసరు దగ్గర గెలవలేరు.

తనిఖీ

తనిఖీకి హైదరాబాదు నుంచి శారదాదేవి గారనే అధికారిణి వచ్చారు. ఆఫీసు మూసెయ్యడానికి కావలసిన కాగితాలన్నీ సిద్ధం చేసుకునే వచ్చారు. వచ్చింది శివరాత్రి ముందు రోజు. ఆ రోజు కావాలని ఎంచుకోలేదు, అలా కుదిరింది. నాకు మాత్రం దేవుడు ఒక చెయ్యి వేశాడనిపించింది. ఏ దేవుడన్నది అడగకండి.

కోటిపల్లి రేవులో ఆవిడకు లాంచీలో చోటు దొరకడమే కష్టమైంది. యాభై ఏళ్ళ మనిషి, రామ్మూర్తి గారితో పాటు నిలబడే ఏరు దాటారు. నేను కాటేజీకి తీసుకెళ్ళాను. తలుపు తీస్తే లోపల విజయనగరం నుంచి వచ్చిన ముసలమ్మలు ముగ్గురు ఉన్నారు. నాలుగిళ్ళూ నిండిపోయి, చోటులేక నేనే అందులో పెట్టాను. ఒకామె తొట్టి అంచు మీద కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటోంది.

"వీళ్ళెవరు?" అన్నారు రామ్మూర్తి గారు.

"ఆమోదించిన వసతిలో బస చేసినవాళ్ళండి" అన్నాను.

శారదాదేవి గారి పెదవులు కదిలాయి గాని నవ్వలేదు. ఇళ్ళు చూపించమన్నారు. నాలుగూ చూపించాను. ప్రతి ఇంట్లోనూ ముందు గదిలోకి కాదు, నేరుగా దొడ్లోకి వెళ్ళి చూశారు. తలుపు వేసి గడియ పెట్టి, మళ్ళీ తీసి చూశారు. పొద్దుటి నుంచి రైలూ, కారూ, లాంచీ ఎక్కి వచ్చిన మనిషి. వీరమ్మ గారింట్లో, "అమ్మా, ఒక పది నిమిషాలు నేను లోపలికి వెళ్ళి వస్తాను" అని తువ్వాలు తీసుకుని వెళ్ళారు. మొహం కడుక్కుని తిరిగి వచ్చాక ఆవిడ గొంతే మారింది.

అరుగు మీద బరంపురం వాళ్ళు, నాగపూరు వాళ్ళు భోజనాలు చేస్తున్నారు. ఆవిడ కూడా వాళ్ళ పక్కనే ఆకు వేయించుకున్నారు. తింటూ వీరమ్మ గారిని అడిగారు.

"మీ ఇంటికి విదేశీయులు కూడా వచ్చారట. వాళ్ళకూ, వీళ్ళకూ తేడా ఏమైనా ఉందా?"

వీరమ్మ గారు పప్పు వడ్డిస్తూనే జవాబు చెప్పింది. "నాకేం తేడా ఉంటాదండి? ఏరు దాటొచ్చినోళ్ళందరూ మాకు పైదేశపోళ్ళే. నాగపూరు నేను చూసేనా, విలాయత్ చూసేనా?"

శారదాదేవి గారు ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని, ఎడమచేత్తో సంచిలోంచి పుస్తకం తీయమని నాకు సైగ చేశారు. "ఆ మాట ఉన్నదున్నట్టు రాయండి" అన్నారు. రాశాను. రామ్మూర్తి గారు తలవంచుకుని అన్నం కలుపుకుంటున్నారు.

తర్వాత గట్టు మీద నడుస్తూ ఆవిడ నన్నడిగారు. "ఆఫీసు ఉంచితే మీకేం కావాలి?"

రాత్రింబవళ్ళు కూర్చుకున్న జాబితా నా దగ్గర ఉంది. గడియలున్న ఆడవాళ్ళ స్నానాల గదులు. కుళాయి. నీడ పడే ఒక షెడ్డు. పాకలు తిరిగి పెట్టుకోవడానికి అనుమతి. కాటేజీలో వంటిల్లు. చివరగా పట్టీలో ఒక మార్పు: దర్శనానికి వచ్చినా, కూటాలకు వచ్చినా, పక్షుల్ని చూడ్డానికి వచ్చినా, ఒక రాత్రి ఉన్నవాడు యాత్రికుడే.

"జీతం సంగతి ఏమీ అడగలేదే?" అన్నారావిడ.

"ఇవన్నీ వస్తే ఉద్యోగం ఉంటుంది కదండి. ఉద్యోగముంటే జీతం అదే వస్తుంది."

ఈసారి గట్టిగానే నవ్వారు.

ఆర్డరు

మార్చి మూడో వారంలో ఆర్డరు వచ్చింది. బట్టల కొట్టు మెట్ల మీదే నిలబడి చదివాను. సమాచార కేంద్రం, కాటేజీ కొనసాగుతాయి. నాలుగిళ్ళకూ ఆమోదం. రేవులో షెడ్డు, కుళాయి, స్నానాల గదులు మంజూరు. పాకలకు పంచాయతీ స్థలం చూపించాలి. యాత్రికుడి నిర్వచనంలో యాత్ర చేసే కారణం అడగనక్కర్లేదు, వసతి రిజిస్టర్లలో ఆ గడి తీసెయ్యాలి. ఈ పద్ధతిని ఇతర రేవుల్లో, తీర్థాల్లో కూడా పరిశీలించాలి.

చివరి వాక్యం చదివి మెట్ల మీద కూర్చుండిపోయాను. కింద కొట్టు ఆయన భయపడి, "ఏమైందండి, మంచినీళ్ళు తెప్పించమంటారా?" అన్నాడు. ఏమీ కాలేదండి, గెలిచామండి అన్నాను.

బస్సెక్కి రేవుకు వెళ్ళి ఆడవాళ్ళను పిలిచి ఆర్డరు తెలుగులో చదివి వినిపించాను. నమ్మని ముగ్గురూ కూడా వచ్చారు. వాళ్ళలో ఒకామె, "మా ఇల్లు కూడా రాయండి. ఈసారి చెప్పే రాయండి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఆ రోజు రాసిన ఏడు పేర్లనూ, ఒక్కొక్కరి అనుమతి అడిగి, నేను మళ్ళీ రాశాను.

వాన పడకముందే షెడ్డు లేచింది. పాకలు మళ్ళీ వచ్చాయి. వీరమ్మ గారు అరుగు పక్కన ఇంకో గది వేసింది. లాంచీ పని మానేసి ఆవిడ భర్త యాత్రికుల్ని గోదావరి మధ్య లంకల్లో తిప్పడానికి సొంత పడవ దించాడు. గోదాము కావాల్సిన కాటేజీలో వంటావిడ చేరింది. తొట్టిని పగలగొట్టి తీసేసి ఆ చోట రెండు కుళాయిలు పెట్టారు. ఇవన్నీ నేను చేశానని చెప్పుకోను. వాళ్ళు చేసుకోవడానికి అడ్డుగా ఉన్న ఒక వాక్యాన్ని కాగితం మీద నుంచి తీయించాను. కొత్తగా చేరిన పిల్లలు ఇది గుర్తుంచుకుంటే చాలు. ఊరికి తెలివితేటలు మీరు తీసుకెళ్ళనక్కర్లేదు. అక్కడున్న తెలివికి అడ్డుపడే వాక్యం ఏ పేజీలో ఉందో వెతకండి. ఆ పేజీ చాలాసార్లు మీ సొరుగులోనే ఉంటుంది.

ఆ ఏడు కార్తీకం మొదటి సోమవారం గట్టంతా జనం. మధ్యాహ్నం లాంచీలోంచి తెల్లపంచె కట్టుకున్న ఒకాయన, భార్యతోనూ తొంభై ఏళ్ళ తల్లితోనూ దిగారు. దగ్గరకు వచ్చేదాకా నేను పోల్చుకోలేదు. రామ్మూర్తి గారిని ప్యాంటూ టైలో తప్ప నేనెప్పుడూ చూడలేదు.

"సార్, కబురు చేస్తే కాటేజీ ఖాళీ ఉంచేదాన్ని కదండి" అన్నాను.

"సెలవు పెట్టి వచ్చానండి. డ్యూటీ కాదు." కాస్త ఆగి, "మా అమ్మ ఇరవై ఏళ్ళుగా అడుగుతోంది. ఇక్కడ ఉండటానికి చోటు లేదని తీసుకురాలేదు" అన్నారు.

వీరమ్మ గారు పెద్దావిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. రామ్మూర్తి గారు అరుగు మీద కూర్చున్నారు. ఆమోదించిన ప్రతి ఇంట్లోనూ రిజిస్టరు ఉండాలి కాబట్టి నేను దాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టాను. పేరు రాశారు. ఊరు రాశారు. బస చేసే రాత్రులు మూడు అని రాశారు. తర్వాత కారణం రాయబోయి, ఆ గడి కోసం వెతికి, అది ఇప్పుడు లేదని గుర్తొచ్చి తలెత్తి నన్ను చూశారు.

"అడగక్కర్లేదు కదూ?"

"అక్కర్లేదండి. తమరు యాత్రికులండి."

ఆయన సంతకం చేసి, లోపల తల్లి స్నానానికి వీరమ్మ గారు నీళ్ళు తోడుతున్న చప్పుడు వింటూ, ఆ పుస్తకాన్ని నాకు రెండు చేతులతో అందించారు.